కళాశాల కంప్యూటర్ నెట్‌వర్కు: విద్యార్థి బాధ్యత, సంస్థ బాధ్యత

కళాశాలలో చేరిన మొదటి వారంలో విద్యార్థి చేత చాలా కాగితాల మీద సంతకాలు పెట్టిస్తారు. గుర్తింపు కార్డు దరఖాస్తు, హాస్టలు ఒప్పందం, ర్యాగింగ్ చెయ్యనని హామీపత్రం - వీటి మధ్యలో కంప్యూటర్ నెట్‌వర్కు వాడకానికి సంబంధించిన నియమాల కాగితం కూడా ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో ఉంటుంది. అక్షరాలు చిన్నవి, వాక్యాలు పెద్దవి. చదివి సంతకం పెట్టే విద్యార్థి అరుదు. చదవమని చెప్పే గుమాస్తా ఇంకా అరుదు. ఆ కాగితం మళ్ళీ బయటికి వచ్చేది ఎవరినైనా శిక్షించవలసి వచ్చినప్పుడే.

తెలుగునాడు వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులకు ఆ కాగితంలో ఏముంటుందో, ఎందుకు ఉంటుందో, ఏముండాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. దక్షిణ తమిళనాడులోని అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. దానికి కారణం ఉంది. విజయనగర కాలంలోనూ, మధుర నాయకుల కాలంలోనూ వలస వచ్చిన తెలుగు కుటుంబాల వారసులు ఆ నల్లరేగడి నేలల్లో వందల ఊళ్ళలో ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు వారి నిత్యవ్యవహారం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే; ఆ వలస కథనే ఆయన తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగు మాట్లాడగలిగీ తెలుగు లిపి చదవలేని తరం అక్కడ పెరిగింది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తెలుగు చదివే అవకాశం ఇంకా సన్నగిల్లింది. ఇటువంటి విద్యార్థి చేతికి రెండు పేజీల న్యాయశాస్త్ర ఇంగ్లీషు ఇచ్చి, ‘నీకు నియమాలు తెలియజేశాం’ అనుకోవడం సంస్థకు అనుకూలమే గాని న్యాయం కాదు.

నియమాల అవసరమే లేదని నేను అనడం లేదు. అవి ఎందుకు కావాలో తెలియాలంటే నెట్‌వర్కు పని చేసే తీరు కొంచెం తెలియాలి.

మన దేశంలో విద్యాసంస్థలను కలిపే నెట్‌వర్కు ‘ఎర్నెట్’ 1986లో మొదలయింది. కేంద్రప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో దాన్ని చేపట్టింది. మద్రాసుతో సహా ఐదు ఐ.ఐ.టి.లు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, బొంబాయిలోని సాఫ్ట్‌వేర్ పరిశోధన కేంద్రం తొలి భాగస్వాములు. సామాన్యులకు ఇంటర్‌నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. చిన్న పట్టణాల కళాశాలల వంతు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 2009లో ప్రారంభమైన జాతీయ విద్యా మిషన్ కింద కళాశాలలకు సెకనుకు 512 కిలోబిట్ల వేగంతో కనెక్షన్లు ఇవ్వడం మొదలు పెట్టారు. అటువంటి ఒక్క కనెక్షన్‌ను 40 కంప్యూటర్లున్న ప్రయోగశాలకు పంచితే ఒక్కొక్కదానికి 12.8 కిలోబిట్లు వస్తుంది. 1990ల నడిమి కాలంలో ఇంట్లో టెలిఫోను తీగకు తగిలించుకొనే మోడెం వేగం 14.4 కిలోబిట్లు. అంటే పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆ ప్రయోగశాలలో కూర్చున్న పిల్లవాడు, అందరూ ఒకేసారి పని చేస్తే, వెనకటి మోడెం కంటే వెనకబడి ఉన్నాడన్నమాట.

ఇప్పుడు వేగాలు ఎన్నో రెట్లు పెరిగాయి. కాని వాడేవారూ పెరిగారు, ప్రతి ఒక్కరి జేబులోనూ ఒక కంప్యూటరు చేరింది. సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్ ఉన్న కళాశాలను ఊహించుకోండి. నాణ్యమైన వీడియో ఒకటి సుమారు 5 మెగాబిట్లు లాగుతుంది. ఇరవై మంది సినిమా పెట్టుకుంటే కనెక్షన్ నిండిపోతుంది. ఇరవై ఒకటో వ్యక్తి స్కాలర్‌షిప్ దరఖాస్తు పంపడానికి ఆఖరి రోజున కూర్చున్న అమ్మాయి కావచ్చు.

దీన్ని ఆ ప్రాంతపు విద్యార్థికి చెప్పడం సులభం. కణ్మాయి అని తమిళంలో పిలిచే ఊరి చెరువు కింద పొలం ఉన్న ఇంటివాడికి, తూము దగ్గరివాడు మడవ మూయకుండా నిద్రపోతే చివరి మడి ఎండుతుందని ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే పోలిక ఇక్కడితో ఆగుతుంది. చెరువులో నీళ్ళు ఎవరు తీసుకుంటున్నదీ కంటికి కనిపిస్తుంది. నెట్‌వర్కులో తీసుకుంటున్నవాడికే తెలియదు. ఫోను తనంత తాను యాప్‌లను కొత్తవి చేసుకుంటుంది, తీసిన ఫోటోలను ఎక్కడో ఉన్న సర్వరులోకి దాచుకుంటుంది, గ్రూపులో వచ్చిన ప్రతి వీడియోను దింపుకుంటుంది. విద్యార్థి పుస్తకం చదువుకుంటూ ఉంటాడు, జేబులో ఫోను వాటా మించి తాగుతూ ఉంటుంది. కాబట్టి ‘నెట్‌వర్కును దుర్వినియోగం చేయరాదు’ అని రాసినందువల్ల ఉపయోగం లేదు. ‘కళాశాల వైఫైలో ఉన్నప్పుడు యాప్‌ల అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ ఆపి ఉంచండి, పెద్ద ఫైళ్ళు రాత్రి దింపుకోండి’ అని రాస్తే ఉపయోగం ఉంది. మొదటిది తిట్టు, రెండోది నియమం.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. సాధారణంగా కళాశాలలోని వందల కంప్యూటర్లు బయటి ప్రపంచానికి ఒకటి రెండు చిరునామాలతోనే కనిపిస్తాయి. లోపల ఎవరు ఏం చేసినా బయటి సర్వరుకు తెలిసేది ఆ కళాశాల చిరునామా మాత్రమే. దీని ఫలితం ఏమిటంటే, ఒకరు చేసిన పని అందరి ఖాతాలో పడుతుంది.

దీనికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ ఒకటి ఉంది. 2010 సెప్టెంబరులో ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు అమెరికాలోని ఎమ్.ఐ.టి. నెట్‌వర్కుకు తన ల్యాప్‌టాప్ తగిలించి, జేస్టోర్ అనే పరిశోధన పత్రికల భాండాగారం నుంచి వ్యాసాలను యంత్రం చేత వరసగా దింపించడం మొదలుపెట్టాడు. విజ్ఞానం అందరిదీ కావాలన్నది అతని నమ్మకం. లెక్క వేలు దాటి లక్షలకు పోయింది. అక్టోబరులో జేస్టోర్ వారు కొన్ని రోజులపాటు ఎమ్.ఐ.టి. మొత్తానికి సేవలు ఆపేశారు. ఆ రోజుల్లో వ్యాసం కోసం వెతుక్కున్న పరిశోధక విద్యార్థికి ఈ తగాదాతో సంబంధం లేదు. అయినా తలుపు మూసుకుపోయింది. కథ అక్కడ ఆగలేదు. 2011లో స్వార్ట్జ్‌ను అరెస్టు చేశారు. ప్రభుత్వ న్యాయవాదులు ఏళ్ళ తరబడి జైలుశిక్ష పడగల నేరారోపణలు చేశారు. విచారణ జరగకముందే 2013 జనవరిలో, 26 ఏళ్ళ వయసులో, అతను ప్రాణం తీసుకున్నాడు.

ఈ ఉదంతాన్ని ‘చూశారా, నియమం తప్పితే ఇంతే’ అని విద్యార్థులను భయపెట్టడానికి వాడేవారున్నారు. నాకు ఇందులో రెండు పాఠాలు కనిపిస్తాయి. ఒకడి పని వల్ల ఊరంతటికీ నీళ్ళు ఆగిపోవడం నిజం. ఆ తప్పుకు వేసిన శిక్ష తప్పును ఎన్నో రెట్లు మించిపోవడం కూడా అంతే నిజం. కళాశాల నియమాలు రాసేవారు రెండో పాఠాన్ని మరిచిపోతూ ఉంటారు.

మన కళాశాలలకు ఇది దూరపు కథ కాదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2010 నుంచి ‘ఎన్-లిస్ట్’ అనే పథకం కింద కళాశాలలకు వేలాది పత్రికలను, పుస్తకాలను అందిస్తున్నది. సభ్యత్వం ఉన్న కళాశాలలో విద్యార్థికి సొంత పేరుతో, పాస్‌వర్డుతో ప్రవేశం ఇస్తారు. కావలసిన వ్యాసం దింపుకోవచ్చు. పత్రిక సంచికలన్నీ కట్టకట్టి దింపుకోకూడదు. ప్రచురణకర్తల ఒప్పందాల్లో ఈ షరతు ఉంటుంది. అరుప్పుకోట్టై వంటి పట్టణంలో పెద్ద గ్రంథాలయానికి పోవాలంటే మధురకు బస్సెక్కాలి. అక్కడి విద్యార్థికి ఈ ప్రవేశం పోతే కలిగే నష్టం ఎమ్.ఐ.టి. విద్యార్థికి కలిగిన నష్టం కంటే పెద్దది.

ఇక విద్యార్థుల సరదా చేష్టలకూ పాత చరిత్ర ఉంది. 1987 డిసెంబరులో పశ్చిమ జర్మనీలోని క్లౌస్టాల్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు క్రిస్మస్ చెట్టు బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాము రాసి మిత్రులకు పంపారు. అది తెరిచినవాళ్ళ చిరునామా పుస్తకంలోని వారందరికీ తనను తాను పంపుకుంటూ పోయి, విశ్వవిద్యాలయాల నెట్‌వర్కులనూ, ఐ.బి.ఎం. సంస్థ సొంత నెట్‌వర్కునూ ఉక్కిరిబిక్కిరి చేసింది. మరుసటి ఏడాది నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన ప్రోగ్రాము అప్పటి అంచనా ప్రకారం సుమారు 6000 కంప్యూటర్లను స్తంభింపజేసింది. 1990లో అతనికి మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి. తర్వాతి కాలంలో అతనే ఎమ్.ఐ.టి.లో ఆచార్యుడయ్యాడు. శిక్ష పడినా జీవితం పోలేదు. స్వార్ట్జ్ ఉదంతం పక్కన దీన్ని పెట్టి చూడండి.

ఈ రెండు ఘటనల తర్వాతనే, 1989 జనవరిలో, ఇంటర్‌నెట్ నిర్మాణ వ్యవహారాలు చూసే మండలి ‘నీతి, ఇంటర్‌నెట్’ అనే చిన్న పత్రం వెలువరించింది. అనుమతి లేకుండా ప్రవేశించడం, పని జరగనియ్యకపోవడం, వనరులను వృథా చెయ్యడం, సమాచారాన్ని చెడగొట్టడం, ఇతరుల గోప్యతకు భంగం కలిగించడం - ఈ ఐదూ అనైతికమని అది చెప్పింది. రెండు పేజీలకు మించని పత్రం. తర్వాత విశ్వవిద్యాలయాలు రాసుకున్న నియమాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే కనిపిస్తుంది. పాతికేళ్ళలో అవి ఇరవై పేజీలయ్యాయి, ఐదు మాటలూ వాటిలో ఎక్కడో పడిపోయాయి.

తెలుగు విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. చాలా నియమావళుల్లో మొదటి వాక్యం ‘ఈ నెట్‌వర్కు విద్యా ప్రయోజనాలకు మాత్రమే’ అని ఉంటుంది. దాన్ని అక్షరాలా అమలు చేసి ఉంటే కంప్యూటరులో తెలుగు ఇంత త్వరగా వచ్చేది కాదు. 1990ల తొలినాళ్ళలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు తమ ప్రయోగశాలల కంప్యూటర్ల మీద, పాఠాలు అయ్యాక, రోమన్ లిపిలో తెలుగు రాసుకునేవారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క స్పెల్లింగు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దానికొక పద్ధతి ఏర్పరిచారు. ఆర్.టి.ఎస్. అని పేరు పొందినది అదే. ఆ పద్ధతిలో రాసిన రోమన్ అక్షరాలను తెలుగు లిపిలోకి మార్చే సాధనం కూడా వచ్చింది. ఇది ఎవరి సిలబస్‌లోనూ లేదు. దీనికి మార్కులు లేవు. విశ్వవిద్యాలయం ఇచ్చిన కంప్యూటరు, విశ్వవిద్యాలయం కట్టిన కరెంటు బిల్లు, విద్యార్థి ఖాళీ సమయం. కాబట్టి నియమం రాసేవారు ‘చదువు పనికి ముందు వరస, ఇతరులకు అడ్డం కానంతవరకు మిగతా పనులకూ చోటుంది’ అని రాయాలని నా అభిప్రాయం. మిగతా పనుల్లో ఏది రేపటి చదువు అవుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

ఇప్పటి ప్రయోగశాలల్లో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. విద్యార్థులు తమంతట తాము ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించకూడదన్న నియమం దాదాపు అంతటా ఉంది. వైరస్‌ల దృష్ట్యా అది మంచిదే. కాని తెలుగు రాయాలనుకున్నవాడికి కీబోర్డు కావాలి. చాలామందికి తెలియనిదేమిటంటే, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచి తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, గౌతమి ఫాంటు ఆ వ్యవస్థలోనే ఉన్నాయి. బయటినుంచి తెచ్చి ఎక్కించవలసింది ఏమీ లేదు. ప్రయోగశాల అధికారి భాషల జాబితాలో తెలుగును చేర్చితే సరిపోతుంది. తమిళనాడు కళాశాలలో తమిళ కీబోర్డు పక్కన తెలుగుదీ పెట్టమని అడగడం నియమభంగం కాదు. దొంగచాటుగా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించడం నియమభంగం. అడగండి, లిఖితపూర్వకంగా అడగండి.

పాస్‌వర్డు దగ్గరికి వద్దాం. మన ఇళ్ళలో వస్తువు అరువివ్వడం మర్యాద. సైకిలు అరువిస్తాం, పుస్తకం అరువిస్తాం, పెళ్ళికి నగ కూడా అరువిస్తాం. ‘అన్నా, నా ఖాతా పనిచెయ్యడం లేదు, నీ పాస్‌వర్డు కొంచెం చెప్పు’ అని ఊరివాడో, మేనమామ కొడుకో అడిగితే కాదనడం కష్టం. నియమాలు రాసేవాళ్ళు ఈ కష్టాన్ని గుర్తించరు. ‘పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వరాదు’ అని ఒక్క ముక్కలో తేలుస్తారు. ఇచ్చినందువల్ల ఏమవుతుందో చెప్పాలి. ఆ ఖాతాతో జరిగిన ప్రతి పనీ, రికార్డులో, ఇచ్చినవాడి పేరు మీదనే ఉంటుంది. మేనమామ కొడుకు బెదిరింపు ఈమెయిలు పంపితే పోలీసులు మొదట వచ్చేది మీ గదికే. ఇంకొకరి పాస్‌వర్డును మోసబుద్ధితో వాడడం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులోకి పోవడం, సమాచారం దింపుకోవడం, వైరస్ ఎక్కించడం వంటివి 43వ సెక్షన్‌లో ఉన్నాయి. మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా.

అయితే చట్టం చెప్పినంత మాత్రాన ఆ పిల్లవాడి ఇబ్బంది తీరదు. అన్న ఖాతా అడిగే అవసరమే రాకుండా చెయ్యడం కళాశాల పని. పాస్‌వర్డు మరిచిపోయినవాడికి కొత్తది ఇవ్వడానికి వారం రోజులు పట్టే చోట పాస్‌వర్డులు చేతులు మారకుండా ఏ నియమమూ ఆపలేదు. అదే రోజున, అదే కిటికీ దగ్గర ఇస్తే సగం సమస్య తీరుతుంది.

పుస్తకాల సంగతి మన విద్యార్థులకు ప్రత్యేకం. తెలుగునాడుకు దూరంగా తెలుగు పుస్తకం దొరకడం కష్టం. అందుచేత స్కాను చేసిన ప్రతులు కళాశాల నెట్‌వర్కు మీద చేతులు మారుతుంటాయి. ఏది తప్పు, ఏది కాదు? మన దేశంలో కాపీహక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. 1915లో గతించిన గురజాడ రచనలు, 1940లో గతించిన గిడుగు రామమూర్తి రచనలు ఇప్పుడు అందరి సొత్తు, ఎంతమందికైనా పంచవచ్చు. 1976లో కన్నుమూసిన విశ్వనాథ సత్యనారాయణ రచనలకు 2036 ఆఖరు దాకా, 1983లో కన్నుమూసిన శ్రీశ్రీ రచనలకు 2043 ఆఖరు దాకా హక్కు ఉంటుంది. కి. రాజనారాయణన్ 2021లో కన్నుమూశారు. ఆయన తమిళ మూలాలకు 2081 దాకా. హక్కు ఉన్న పుస్తకాన్ని అసలు తాకకూడదని కాదు. సొంత చదువుకు, విమర్శకు తగుపాటి భాగం వాడుకోవడాన్ని చట్టం అనుమతిస్తుంది. పాఠ్యభాగాల నకళ్ళు తీసి విద్యార్థులకు ఇచ్చే విషయంలో ఢిల్లీ హైకోర్టు 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయం జెరాక్సు దుకాణం కేసులో విద్యార్థుల పక్షానే తీర్పు చెప్పింది. పుస్తకం మొత్తాన్ని స్కాను చేసి నలుగురికీ పెట్టడం మాత్రం వేరు సంగతి. ఈ తేడా ఏ కళాశాల నియమావళిలోనూ రెండు వాక్యాల్లోనైనా ఉండడం నేను చూడలేదు, ఉండాలి.

ఇంతవరకు విద్యార్థి బాధ్యత. ఇక సంస్థ బాధ్యత.

నెట్‌వర్కు నడిపేవారికి ఎవరు ఎప్పుడు ఏ సైటుకు పోయారన్న చిట్టా కనిపిస్తుంది. భారత ప్రభుత్వపు కంప్యూటర్ అత్యవసర సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో తమ పరిధిలోని సంస్థలు ఇటువంటి చిట్టాలను 180 రోజులు భద్రపరచాలని చెప్పింది. చిట్టా ఉండడం తప్పు కాదు. దొంగతనం జరిగినప్పుడు దాని అవసరం ఉంటుంది. కాని ఆ చిట్టాను ఎవరు చూడవచ్చు? ఎవరి అనుమతితో? విద్యార్థికి చెబుతారా? ఒక అమ్మాయి ఏ వైద్య విషయం గురించి వెతికిందో ప్రయోగశాల సహాయకుడికి తెలియవలసిన పని ఏముంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. హాస్టలు గేటు దాటగానే ఆ హక్కు పోదు.

దీన్ని నేరుగా పరీక్షించిన కేసు పక్క రాష్ట్రంలో వచ్చింది. కేరళలో కోళిక్కోడ్ జిల్లాలోని ఒక కళాశాల బాలికల హాస్టలులో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోను వాడకూడదని నియమం పెట్టారు. ఒప్పుకోనన్న విద్యార్థినిని హాస్టలు నుంచి పంపేశారు. ఆమె హైకోర్టుకు వెళ్ళింది. చదువు హక్కులోనూ గోప్యత హక్కులోనూ ఇంటర్‌నెట్ అందుబాటు భాగమని 2019 సెప్టెంబరు 19న కోర్టు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమని ఆదేశించింది. క్రమశిక్షణ కోసం నియమాలు పెట్టే అధికారం కళాశాలకు లేదని కోర్టు అనలేదు. చదువుకోవడానికి వచ్చినవారి చదువు సాధనాన్నే లాక్కునే నియమం మాత్రం నిలవదని చెప్పింది. అబ్బాయిల హాస్టలుకు ఒక గంట, అమ్మాయిల హాస్టలుకు ఒక గంట పెట్టే కళాశాలలు ఈ తీర్పును గోడకు అంటించుకుంటే బాగుంటుంది.

అరుప్పుకోట్టైకి సంబంధించిన ఒక చేదు విషయాన్ని దాటవెయ్యడం సరికాదు. అక్కడి ఒక కళాశాలలో పనిచేసే అధ్యాపకురాలు విద్యార్థినులను తప్పుదారికి ప్రలోభపెట్టిన ఫోను సంభాషణ 2018 ఏప్రిల్‌లో బయటికి వచ్చి రాష్ట్రమంతా కలకలం రేపింది. ఆరేళ్ళ తర్వాత, 2024 ఏప్రిల్‌లో, శ్రీవిల్లిపుత్తూరు కోర్టు ఆమెకు పదేళ్ళ జైలుశిక్ష విధించింది. ఫోనుల గురించి, నెట్‌వర్కుల గురించి కళాశాలలు రాసుకునే నియమాలన్నీ విద్యార్థే తప్పు చేస్తాడన్న అనుమానంతో మొదలవుతాయి. పై నుంచి వచ్చే తప్పుకు వాటిలో గడి ఉండదు. ఈ కేసులో సాక్ష్యంగా నిలిచినది ఆ ఫోను సంభాషణ రికార్డే.

అందుచేత నియమావళిలో ఫిర్యాదు మార్గం తప్పనిసరిగా ఉండాలి. అది శాఖాధిపతి గది గుండానే పోకూడదు. కనీసం ఒకరు కళాశాలకు బయటివారై ఉండాలి. ఇంకో మాట. మార్చిన ఫోటోలతో వేధింపు ఎదురైన అమ్మాయి చాలాసార్లు నోరు విప్పదు. ఇంట్లో తెలిస్తే ముందు తన ఫోనే లాక్కుంటారనీ, తర్వాత చదువు మాన్పిస్తారనీ ఆమె భయం. ‘ఫిర్యాదు చేసినవారి ఫోను, నెట్‌వర్కు ఖాతా ఆపబోము, వారి అంగీకారం లేకుండా ఇంటికి చెప్పబోము’ అన్న వాక్యం నియమావళిలో ఉంటే, తక్కిన పదిహేను వాక్యాల కంటే అది ఎక్కువ పని చేస్తుంది. ఒకరి ఆంతరంగిక చిత్రాన్ని అనుమతి లేకుండా తియ్యడం, పంపడం 66ఇ సెక్షన్ కింద నేరమనీ, కేంద్రప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో నేరుగా ఫిర్యాదు చేయవచ్చుననీ, డబ్బు మోసాలకు 1930 నంబరు ఉందనీ అక్కడే రాయాలి.

‘అభ్యంతరకరమైన’ అన్న మాట గురించి కూడా హెచ్చరించాలి. ‘అభ్యంతరకరమైన సందేశాలు పంపరాదు’ అని దాదాపు ప్రతి నియమావళిలోనూ ఉంటుంది. ఎవరికి అభ్యంతరం? ఇదే అస్పష్టత కారణంగా సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. పార్లమెంటు చేసిన చట్టంలో నిలవని మాట కళాశాల కాగితంలో ఎందుకు నిలవాలి? హాస్టలు భోజనం బాగాలేదని రాసినవాడూ, తోటి విద్యార్థినిని కులం పేరుతో తిట్టినవాడూ ఆ ఒక్క మాట కింద సమానమైపోతారు. బెదిరింపు, కులదూషణ, వేధింపు, మరొకరి పేరుతో రాయడం - వీటిని పేరుపేరునా చెప్పి తక్కినదాన్ని వదిలెయ్యాలి.

శిక్షల విషయం. నేటి విద్యార్థికి పరీక్ష ఫీజు, హాల్ టికెట్, స్కాలర్‌షిప్ అన్నీ నెట్‌వర్కు మీదే. నెల రోజులు ఖాతా మూసెయ్యడమంటే వెనకటి రోజుల్లో గ్రంథాలయం నుంచి తోసెయ్యడం కంటే పెద్ద శిక్ష. మొదటి తప్పుకు పిలిచి మాట్లాడడం, రెండోసారి వేగం తగ్గించడం, ఆ తర్వాత సొంత ఫోను నుంచి వైఫై ఆపి ప్రయోగశాలలో మాత్రం పని చేసుకోనివ్వడం - ఇటువంటి మెట్లు ఉండాలి. ఏ మెట్టులోనైనా విద్యార్థి మాట వినకుండా నిర్ణయం జరగకూడదు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, సహజన్యాయం.

చివరగా భాష. నియమావళి ఒక్క పేజీ ఉండాలి. తమిళనాడులో అది తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. రాసేటప్పుడు ప్రతి తరగతి నుంచి ఒకరిద్దరు విద్యార్థులు కూర్చోవాలి. తెలుగు ఇంటి పిల్లలు ఎక్కువగా ఉన్న చోట దాన్ని తెలుగులో చదివి వినిపించాలి. రాసి ఇస్తే వారిలో చాలామంది చదవలేరు, వింటే ప్రతి మాటా అర్థమవుతుంది. ఈ పనికి బయటినుంచి పండితులు రానక్కరలేదు. తెలుగు లిపి నేర్చుకున్న సీనియర్ విద్యార్థి ఒకరు చాలు. జూన్‌లో కొత్తవారు చేరిన వారంలోనే, సంతకాల కంటే ముందు, ఒక గంట కేటాయించి చదివించవచ్చు. అడిగిన ప్రశ్నలు రాసిపెట్టుకుంటే మరుసటి ఏడాది నియమాలు సవరించేటప్పుడు ఎక్కడ అర్థం కాలేదో తెలుస్తుంది.